మధ్యతరగతి ఇంటికి పోర్షె ఎందుకండీ?

మా ఇంటికి 1987 మోడల్ పోర్షె కారు ఒకటి వచ్చింది. సంగతి బయటికి పొక్కిన వారం రోజుల్లో దోహాలో తెలిసినవాళ్ళందరూ తలా ఒక ప్రశ్న వేశారు. "లాటరీ తగిలిందేంటి?" అని ఒకరు. "మీ వారికి ప్రమోషనా? పార్టీ ఇవ్వకుండా తప్పించుకుంటున్నారు" అని ఇంకొకరు. "ఆ డబ్బుకి మంచి సెకండ్ హ్యాండ్ కరోలా వచ్చేదిగా, ఏసీ అయినా చల్లగా ఉండేది" అని కింది ఫ్లాట్ అక్క. మా అత్తగారు ఇండియా నుంచి ఫోన్ చేసి, "పాత సామాను డబ్బిచ్చి తెచ్చుకోవడం ఏమిటమ్మా" అన్నారు.

ఇన్ని ప్రశ్నల మధ్య అందరూ అన్న మాట ఒకటుంది. "మీ వారికి కార్ల పిచ్చి ఉందని మాకు తెలీదే!" మా వారికి లేదండీ. ఆయన దృష్టిలో కారంటే ఆఫీసుకి తీసుకెళ్ళి మళ్ళీ ఇంటికి తెచ్చే డబ్బా. పిచ్చి నాది. ఈ నెల ఆ సంగతే రాస్తాను. కారు కొనే ఉద్దేశం లేనివాళ్ళు కూడా చదవండి. ఇందులో డబ్బు లెక్కలూ ఉన్నాయి, పుట్టింటి లెక్కలూ ఉన్నాయి.

మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు ఉండేది. లారీల డీజిల్ పంపులు విప్పి బాగుచేసి, టెస్ట్ బెంచి మీద పెట్టి కాలిబ్రేషన్ చేసేవారు. బడి అయ్యాక నేనూ తమ్ముడూ అక్కడికే వెళ్ళేవాళ్ళం. వరసగా పెట్టిన గాజు గొట్టాల్లో డీజిల్ అన్నిట్లోనూ సమానంగా నిండిందో లేదో చూసి చెప్పడం నా పని. ఆ పంపుల మీద బాష్ అన్న పేరు ఉండేది. జర్మనీలో స్టుట్‌గార్ట్ అనే ఊరు ఉందని భూగోళం పుస్తకం కంటే ముందు నాకు నాన్నే చెప్పారు. ఆ ఊరిదే ఇంకో కంపెనీ బొమ్మ పాత క్యాలెండరు మీద ఉండేది, కప్ప ఆకారంలో ఉన్న పోర్షె 911. నేను ఎంపీసీలో చేరి ఆ తర్వాత బీఎస్సీ ఫిజిక్స్ చదవడానికి ఆ షెడ్డే కారణం. పెళ్ళయి దోహా వచ్చి పన్నెండేళ్ళు, ఇద్దరు పిల్లలు. ఇక్కడి రోడ్ల మీద ఆ క్యాలెండరు కారు అప్పుడప్పుడూ పక్కనుంచి వెళ్తుంటే, నేను వంట ఆలోచన మానేసి ఇంజను చప్పుడు వినేదాన్ని.

నాన్న పోయి రెండేళ్ళయింది. వీలునామా రాయలేదు. షెడ్డు ఆయన స్వార్జితం కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకి, తమ్ముడికి, నాకు సమాన వాటాలు. మనవైపు ఇలాంటప్పుడు ఆడపిల్ల వచ్చి హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టి, చీర పెట్టించుకుని వెళ్ళిపోవడం మామూలే. మా తమ్ముడు ఆ కాగితం ఊసే ఎత్తలేదు. షెడ్డు అమ్మాక నా వాటాగా 24 లక్షలు నా అకౌంట్లో వేశాడు. ఇన్నేళ్ళలో పూర్తిగా నా పేరున వచ్చిన డబ్బు అదొక్కటే.

సలహాలకి కొదవ లేదు. గన్నవరం వైపు ప్లాటు, గాజులు, మ్యూచువల్ ఫండు, ఇలా ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. నేను సగం, అంటే 12 లక్షలు, పాప పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాను. మిగతా సగంతో కారు కొంటానన్నాను. మా వారు ఆ రాత్రి చాలాసేపు మాట్లాడలేదు. ఆయన కంపెనీలో కాంట్రాక్టు రెన్యువల్ ఇంకా తేలని రోజులవి. ఆయన టీములోనే ఇద్దరు సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయారు. గల్ఫ్‌లో మన వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంటుందని మీకు నేను చెప్పాలా? ఉద్యోగం పోతే ఇల్లు, బడి, రోడ్డు, స్నేహాలు అన్నీ ఒకేసారి పోతాయి. అలాంటప్పుడు పాత స్పోర్ట్స్ కారు కొంటానంటే ఎవరైనా కంగారు పడతారు.

మర్నాడు ఉదయం ఆయన ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. మూడు షరతులు. ఒకటి, ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో కదలకుండా ఉండాలి. రెండు, కారు ధర, మొదటి రిపేర్లు కలిపి 50,000 రియాళ్ళు దాటకూడదు. మూడు, ఉద్యోగం పోతే ముందు అమ్మేది కారే, బంగారం కాదు. కింద నేను నాలుగోది రాశాను: "ఈ కారు గురించి ఎవరైనా అడిగితే, ఇది మా ఆవిడది అని చెప్పాలి." ఇద్దరం సంతకాలు పెట్టాం.

ఇక అసలు కార్ల సంగతి. పోర్షె 911ని మొదట 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో చూపించారు. అప్పుడు దాని పేరు 901. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు మావి అని ఫ్రెంచి కంపెనీ ప్యూజో అడ్డు చెప్పడంతో 911 అయింది. ఇంజను వెనక ఉంటుంది. ఆరు సిలిండర్లు, అటు మూడు ఇటు మూడు అడ్డంగా పడుకుని ఉంటాయి. 1998 వరకు వచ్చిన ఈ కార్ల ఇంజన్లలో నీళ్ళ రేడియేటర్ ఉండదు. గాలి, ఆయిలే చల్లబరచాలి. కార్ల అభిమానులు వెంటపడేది వీటికోసమే.

"45 డిగ్రీల ఎండలో గాలితో చల్లబడటమా?" అని మా వారు నవ్వారు. ఇక్కడ నా బీఎస్సీ పనికొచ్చింది. వేడి వస్తువు చల్లబడే వేగం, దానికీ చుట్టూ ఉన్న గాలికీ మధ్య ఉష్ణోగ్రత తేడాని బట్టి ఉంటుందని న్యూటన్ సూత్రం. లెక్క కోసం, ఇంజను మీది రెక్కలు 180 డిగ్రీల్లో ఉన్నాయనుకుందాం. జర్మనీలో గాలి 20 డిగ్రీలైతే తేడా 160. దోహాలో 45 అయితే తేడా 135. అంటే చల్లబడే శక్తిలో ఆరో వంతు తగ్గింది. అదే నీళ్ళ రేడియేటర్ 90 డిగ్రీల్లో ఉంటే అక్కడ తేడా 70, ఇక్కడ 45. మూడో వంతుకి పైగా తగ్గింది. కాబట్టి ఎండ వల్ల గాలి ఇంజనుకి జరిగే నష్టం మనం అనుకున్నంత ఎక్కువ కాదు. దాని అసలు ఇబ్బంది ట్రాఫిక్‌లో. ఫ్యాను ఇంజనుతో పాటే తిరుగుతుంది కాబట్టి, సిగ్నల్ దగ్గర ఇంజను నెమ్మదిస్తే గాలీ నెమ్మదిస్తుంది. కనుక ఖాళీ రోడ్డు మీద పరుగెత్తించడానికి బాగుంటుంది, సాయంత్రం ఆరింటికి సాల్వా రోడ్డు మీద కాదు.

ఎడారికీ ఈ కారుకీ ఉన్న బంధం పాతదే. సయీద్ అల్ హజ్రి అనే ఖతారీ డ్రైవరు 1984లో 911 ఎస్‌సీ ఆర్ఎస్ కారుతో ఖతార్ ర్యాలీ గెలిచాడు. తర్వాత ప్రపంచ ర్యాలీల్లో పేరుమోసిన బ్రిటిష్ జట్టు ప్రోడ్రైవ్‌కి అదే మొట్టమొదటి పోటీ. 1984, 1985 రెండేళ్ళూ మిడిల్ ఈస్ట్ ర్యాలీ చాంపియన్ అతనే. 1985లో ఈజిప్టులో ఫారోల ర్యాలీని పోర్షె 959తో గెలిచాడు. ఇక 2009లో ఖతార్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ పోర్షెలోనే వాటా కొంది. 2022లో కంపెనీ షేర్లు స్టాక్ మార్కెట్‌కి వచ్చినప్పుడు కూడా ముందువరస పెట్టుబడిదారుల్లో ఉంది. పిల్లలకి పాత కార్లు చూపించాలనుకుంటే షహానియా దగ్గర షేక్ ఫైసల్ మ్యూజియానికి తీసుకెళ్ళండి. 1998లో తెరిచారు. కార్లే కాదు, తివాచీలు, నాణేలు, రాతప్రతులు కూడా ఉంటాయి. కార్ల దగ్గర విసుగొచ్చినవాళ్ళకి చూడటానికి బోలెడు.

మేం మొత్తం నాలుగు కార్లు చూశాం. మొదటిది 1986 నాటి 911 కరేరా. ధర మా బడ్జెట్‌కి ఆరు రెట్లు. కొనలేమని తెలుసు, చూసి నేర్చుకుందామని వెళ్ళాం. ఓనరు పెద్దమనిషి, ఓపిగ్గా అన్నీ చూపించారు. ఈ కారులో ఆయిలు పది లీటర్లకు పైగా పడుతుంది. ఆయిల్ ట్యాంకు విడిగా ఉంటుంది కాబట్టి, ఇంజను బాగా వేడెక్కి నడుస్తుండగా, చదునైన నేల మీద కొలవాలి. మామూలు కారులాగా ఆపి చూస్తే తక్కువ చూపిస్తుంది. అది నమ్మి పోస్తే ఎక్కువైపోతుంది. ఈ ఒక్క సంగతి అమ్మేవాళ్ళకి తెలుసో లేదో కనుక్కుంటే చాలు, కారుని ఎలా చూసుకున్నారో అర్థమైపోతుందని ఆయన చెప్పారు.

రెండోది 1999 నాటి 911. ఇది నీళ్ళ ఇంజను తరం. ధర అరవై వేల రియాళ్ళ దగ్గర, బేరమాడితే దిగొచ్చేలా ఉంది. పైకి మెరిసిపోతోంది. ఈ తరం ఇంజన్లలో ఐఎంఎస్ బేరింగ్ అని ఒక చిన్న భాగం ఉంటుంది. అన్నిట్లోనూ పాడవదు కానీ, పాడైతే ఇంజను మొత్తం పోయే ప్రమాదం ఉంది. దాన్ని మార్చారా అని అడిగితే "అదేమిటి?" అన్నారు. బిల్లులు ఒక్కటీ లేవు. నమస్కారం పెట్టి వచ్చేశాం.

అప్పుడే నా చూపు 944 మీదికి మళ్ళింది. ఇది 1982 నుంచి 1991 వరకు తయారైన పోర్షె. ఇంజను ముందు, గేర్‌బాక్సు వెనక చక్రాల దగ్గర. అందువల్ల బరువు ముందూ వెనకా దాదాపు సమానంగా పడుతుంది. తక్కెడలా అన్నమాట. నాలుగు సిలిండర్ల 2.5 లీటర్ల ఇంజను. బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్. పెట్రోలు ఎంత, నిప్పురవ్వ ఎప్పుడు అనేది ఒక చిన్న కంప్యూటరు చూసుకుంటుంది. గాజు గొట్టాలు చూస్తూ పెరిగినదాన్ని, ఈ మాట చదవగానే సగం నిర్ణయం అయిపోయింది. స్టుట్‌గార్ట్‌లో కాకుండా నెకార్‌సుల్మ్‌లోని ఆడి ఫ్యాక్టరీలో తయారు చేయించారు కాబట్టి దీన్ని "అసలు పోర్షె కాదు" అని తీసిపారేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి నా ధన్యవాదాలు. ధర మనలాంటివాళ్ళకి అందుబాటులో ఉండటానికి వాళ్ళే కారణం.

మూడో కారు ఇండస్ట్రియల్ ఏరియాలో చూశాం. ఎర్రటి 944, "1988 మోడల్ మేడమ్, ఒక్క చేతి బండి" అన్నాడు అమ్మే ఆయన. మేం వెళ్ళేసరికే బానెట్ వేడిగా ఉంది. పాత కారు అమ్మేవాళ్ళు మనం రాకముందే స్టార్ట్ చేసి ఉంచారంటే, చల్లని ఇంజను మొండికేస్తుందేమో అని అనుమానించాలి. నా హ్యాండ్‌బ్యాగులో ఫ్రిజ్ మీది అయస్కాంతం, మెత్తటి గుడ్డలో చుట్టి తీసుకెళ్ళాను. మంచి రేకు మీద పట్టుకుంటుంది, పుట్టీ పెట్టి రంగేసిన చోట జారిపోతుంది. వెనక చక్రం పైన రెండుసార్లు జారింది. తర్వాత చాసిస్ నంబరు చూశాను. పదిహేడు అక్షరాల నంబరులో పదోది మోడల్ సంవత్సరం చెబుతుంది. ఎఫ్ అంటే 1985, జీ అంటే 86, హెచ్ అంటే 87, జే అంటే 88. ఐ అక్షరం వాడరు. ఈ కారుది ఎఫ్. "భాయ్, ఇది 85 కదా?" అంటే, ఆయన నా వైపు చూడకుండా మా వారిని చూసి "మేడమ్‌కి ఎవరు చెప్పారు సార్?" అన్నాడు. మా వారు చేతులు కట్టుకుని, "నన్ను అడక్కండి, కారు ఆవిడది" అన్నారు. నాలుగో షరతు అప్పటికే అమల్లోకి వచ్చింది.

నాలుగోది, మేం కొన్నది, దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక యూరప్ కుటుంబానిది. తెల్ల రంగు, పదో అక్షరం హెచ్, పదకొండో అక్షరం ఎన్, అంటే నెకార్‌సుల్మ్. నాకంటే ఒక ఏడాది పెద్దది. స్టార్ట్ చేయకుండా ఉంచమని ముందే చెప్పాను, అలాగే ఉంచారు. ఒక్క తాళంతో లేచింది. పొగ చూడటం మీకూ చెబుతాను, ఏ పాత కారుకైనా పనికొస్తుంది. నీలం పొగ అదేపనిగా వస్తే ఆయిలు కాలుతోంది. నలుపు అయితే పెట్రోలు ఎక్కువ పడుతోంది. వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్లపొగ వస్తే కూలెంట్ లోపలికి పోతోంది. దీంట్లో ఏదీ లేదు. రేడియేటర్ నీళ్ళ డబ్బా మూత తీసి చూశాను. ఆయిలూ నీళ్ళూ కలిస్తే మజ్జిగ లాంటి నురగ కనబడుతుంది. శుభ్రంగా ఉంది. టైర్ల మీద నాలుగంకెల నంబరు చూశాను. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 1416 అని ఉంది, అంటే 2016లో పద్నాలుగో వారం. గాడి బాగానే ఉన్నా ఎండకి రబ్బరు గట్టిపడిపోయింది. వెంటనే మార్చాలి.

ఇక్కడి వాతావరణానికి రెండు ముఖాలున్నాయి. ఈ కారు బాడీకి రెండు వైపులా జింకు పూత ఉంటుంది, యూరప్‌లాగా రోడ్ల మీద మంచు కరిగించే ఉప్పు చల్లరు, కాబట్టి తుప్పు బాధ తక్కువ. కానీ ఎండ రబ్బరునీ ప్లాస్టిక్కునీ తినేస్తుంది. ఉష్ణోగ్రత ప్రతి పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం సుమారు రెట్టింపవుతుందని ఇంటర్ కెమిస్ట్రీలో చదివాం గుర్తుందా? డ్యాష్‌బోర్డు మీద మూడు పగుళ్ళు, తలుపుల రబ్బర్లు ఎండిపోయి ఉన్నాయి. ఏసీలో పాత గ్యాసు ఆర్12 స్థానంలో ఆర్134ఏ పెట్టించారు. ఓజోన్ పొరని కాపాడటానికి మాంట్రియల్ ఒప్పందం కుదిరింది 1987లోనే, అంటే ఈ కారు పుట్టిన ఏడాదే ఆ పాత గ్యాసుకి మూడింది.

అసలు మెలిక టైమింగ్ బెల్టు దగ్గర ఉంది. ఈ ఇంజనులో ఆ రబ్బరు బెల్టు తెగితే పిస్టన్లు వెళ్ళి వాల్వులకి కొట్టుకుంటాయి, ఇంజను పని అయిపోయినట్టే. అందుకని కిలోమీటర్లు తిరగకపోయినా నాలుగైదేళ్ళకోసారి మార్చాలి. బిల్లుల ఫైలులో చివరి బెల్టు ఏడేళ్ళ నాటిది. ఓనరు 45,000 రియాళ్ళు అడిగారు. బెల్టు, వాటర్ పంపు, టైర్లు, రబ్బర్లు అన్నీ కాగితం మీద వేసి చూపించాను. 38,000కి కుదిరింది. అప్పటి లెక్కన మన రూపాయల్లో తొమ్మిది లక్షల లోపు. ఇంటికి నడిపి తీసుకురాలేదు. ఏడేళ్ళ బెల్టుని ఇంకో ముప్పై కిలోమీటర్లు నమ్మడం ఎందుకని, రికవరీ బండి పిలిచి నేరుగా గ్యారేజీకి పంపాం.

కొనేముందు ఆ గ్యారేజీలోనే పరీక్ష చేయించాం. ఎంత తెలిసినవాళ్ళైనా ఈ పని మానకండి. కంప్రెషన్ చూశారు, కింద నుంచి లీకులు చూశారు. క్లచ్ ఎంత మిగిలిందో ప్రత్యేకంగా అడిగాను. గేర్‌బాక్సు వెనక ఉండటం వల్ల దీంట్లో క్లచ్ మార్చాలంటే వెనక సామానంతా దింపాలి, కూలీ చాలా ఎక్కువ. అక్కడి హెడ్ మెకానిక్ త్రిశూర్ ఆయన, పాతికేళ్ళుగా దోహాలో ఉన్నారు. మొదట్లో మా వారితోనే మాట్లాడేవారు. బెల్టు విప్పినప్పుడు టెన్షన్ ఎంత పెడుతున్నారని నేను అడిగాక, కుర్చీ తెచ్చి నా ముందు వేసి, "మేడమ్ నాన్నగారు మెకానిక్కా?" అన్నారు. ఔనన్నాను. అప్పట్నుంచి ఫోను నాకే చేస్తున్నారు. వెళ్ళేటప్పుడు గ్లవ్ బాక్సులో డీఎంఈ రిలే అని వేలెడంత డబ్బా ఒకటి అదనంగా పెట్టి ఇచ్చారు. అది పోతే పెట్రోలు పంపు ఆగి బండి ఉన్నచోటే నిలిచిపోతుందట. మార్చడం నిమిషం పని.

కాగితాల సంగతి. అమ్మేవాళ్ళ ట్రాఫిక్ జరిమానాలన్నీ కట్టి ఉంటేనే పేరు మారుతుంది. ఫాహెస్‌లో ఇన్స్పెక్షన్ పాసవ్వాలి. హెడ్‌లైట్లు బానెట్‌లోంచి కప్ప కళ్ళలా పైకి లేస్తుంటే అక్కడి కుర్రాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. ఇస్తిమారా మా వారి పేరున వచ్చింది. ఇన్సూరెన్సు మేం అడిగిన చోట్ల ఇంత పాత కారుకి థర్డ్ పార్టీ తప్ప ఇవ్వలేదు. అంటే మన తప్పుతో దెబ్బ తగిలితే ఖర్చు మనదే. అది ముందే తెలుసుకుని కొనాలి. బెల్టు, వాటర్ పంపు, టైర్లు, రేడియేటర్ శుభ్రం, గొట్టాలు అన్నీ కలిపి 9,400 రియాళ్ళయింది. 50,000లో ఇంకా 2,600 మిగిలాయి. ఆ డబ్బు వేరే కవర్లో ఉంది. పాత కారుకి ధర ఎంతో, ఆ కవరు కూడా అంతే ముఖ్యం.

ఇక అందరూ అడిగే ప్రశ్న. "తిరిగి వెళ్ళేటప్పుడు ఏం చేస్తారు?" మూడేళ్ళు దాటిన పాత కారు, అందులోనూ ఎడమవైపు స్టీరింగుది, మామూలుగా ఇండియాకి తెచ్చుకోవడం కుదరదు. జర్మనీలో ముప్పై ఏళ్ళు దాటిన మంచి కార్లకి హెచ్ అక్షరంతో చారిత్రక నంబరు ప్లేటు ఇస్తారు, మనకి ఆ దారి లేదు. కాబట్టి ఇది మాతో రాదు. ఏదో ఒక రోజు నేనూ బిల్లుల ఫైలు పట్టుకుని, వచ్చినవాళ్ళకి చల్లని ఇంజను చూపిస్తాను. లాభం వస్తుందని కొనలేదు. ఫైలు పూర్తిగా ఉంటే పెద్దగా నష్టం రాదని మాత్రం నమ్ముతున్నాను. నిజానికి గల్ఫ్‌లో మనం కొనే సోఫా, పెంచే కరివేపాకు మొక్క, ఏదీ మనతో రాదు. అయినా కొంటున్నాం, పెంచుతున్నాం.

ఇంకో జర్మన్ ఇంటావిడ కథ చెప్పి ముగిస్తాను. బెర్తా బెంజ్ పెళ్ళికి ముందే తన కట్నం డబ్బు కాబోయే భర్త కార్ల్ వర్క్‌షాపులో పెట్టింది. ఆయన కారైతే తయారుచేశాడు కానీ కొనేవాళ్ళు లేరు. 1888 ఆగస్టులో ఆయనకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్నీ ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టిల్లు ఫోర్జ్‌హైమ్‌కి నూరు కిలోమీటర్లకు పైగా నడుపుకుంటూ వెళ్ళింది. ఇంధనం మందుల షాపులో కొంది. మూసుకుపోయిన గొట్టాన్ని టోపీ పిన్నుతో శుభ్రం చేసింది. బ్రేకులకి చెప్పులు కుట్టేవాడితో తోలు వేయించింది. కారులో దూర ప్రయాణం చేసిన మొట్టమొదటి మనిషి ఆమే. మా పాప ఈ కథ విని, "అంటే ఆవిడ కూడా అమ్మమ్మ వాళ్ళింటికే వెళ్ళిందా?" అంది.

అమ్మకి వీడియో కాల్లో కారు చూపించాను. రంగూ అదీ చూడలేదు. "ఫోను ఇంజను దగ్గర పెట్టు" అంది. కాసేపు విని, "నాలుగూ సమానంగానే కొడుతున్నాయి. మీ నాన్న అయితే ఐడిల్ ఒక రవ్వ తగ్గించమనేవాడు" అంది. చలికాలంలో విజిట్ వీసా మీద వస్తానంది. వేసవిలో బండి బేస్‌మెంట్ పార్కింగ్‌లోనే ఉంటుంది. పదిహేను రోజులకోసారి తీసి, ఇంజను పూర్తిగా వేడెక్కేదాకా తిప్పి పెడుతున్నాను. నవంబరులో శుక్రవారం పొద్దున్నే దుఖాన్ రోడ్డు మీదికి తీసుకెళ్ళాలి.

మీకూ పుట్టింటి వాటాగా ఎప్పుడైనా ఏదైనా వచ్చిందా? దాన్ని ఏం చేశారు? ప్లాటైనా, చదువైనా, కుట్టు మిషనైనా సరే, నాకు రాయండి. చాలామందివి ఒకచోట చేర్చి, పేర్లు లేకుండా, వచ్చే నెల మాట్లాడుకుందాం.